పాత కారులో ఎంతకూ ఆగని కూలెంట్ లీకు: వెతికే పద్ధతి, సరిచేసే క్రమం

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా, తెలుగు ఊళ్లలో ఆ కారు ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిను, తక్కువ భాగాలతో ఉండే సులువైన నిర్మాణం, అందుబాటులో ఉండే ధరలు ఇందుకు కారణం. ఈ వయసు కార్లను ఉంచుకున్నవారిలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది కూలెంట్ లీకు, అంటే ఇంజినును చల్లబరిచే ద్రవం కారిపోవడం. హోస్ పైపు మారిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తరువాత మళ్లీ నీళ్లు తగ్గుతాయి. రేడియేటరుకు మాటు వేయిస్తే ఈసారి వాటర్ పంపు దగ్గర చెమ్మ కనిపిస్తుంది. పంపు మారిస్తే ఇంజిను వెనుక నుంచి కారడం మొదలవుతుంది. యజమాని విసిగిపోయి డిక్కీలో నీళ్ల బాటిల్ పెట్టుకుని తిరగడానికి అలవాటు పడతాడు. ఆ అలవాటే చివరకు ఇంజిను బ్లాకుకూ దాని పైన కూర్చునే హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను కాల్చేస్తుంది. ఈ వ్యాసం మారుతి 800ను దృష్టిలో పెట్టుకుని రాసినదే అయినా, ఇందులోని క్రమం అదే తరానికి చెందిన ఏ చిన్న పెట్రోలు కారుకైనా వర్తిస్తుంది.

లీకు ఎందుకు తిరిగి వస్తుంది

రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. దాని మీద 0.9 అని ముద్రించి ఉంటే, లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోలకు చేరేవరకు అది తెరుచుకోదు. ఆ ఒత్తిడి వల్ల మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. కూలింగ్ వ్యవస్థలో ఎక్కడైనా కారుతున్నంతకాలం ఈ ఒత్తిడి పూర్తిగా నిలబడదు. అందువల్ల మిగతా బలహీనమైన చోట్లు, అంటే ఇంజిను బ్లాకు రంధ్రాలను మూసే, తుప్పు పట్టిన కోర్ ప్లగ్గు, గట్టిపడిన హోస్, అరిగిన పంపు సీలు, బయటపడకుండా తప్పించుకుంటాయి. మీరు మొదటి లీకును ఆపిన రోజున వ్యవస్థకు చాలాకాలం తరువాత పూర్తి ఒత్తిడి వస్తుంది, దానితో రెండో బలహీనమైన చోటు తెరుచుకుంటుంది. కొత్త మూత వేయగానే పాత రేడియేటరు కారడం మొదలైందని చాలామంది చెప్పడానికి కారణం ఇదే. లోపం మూతది కాదు. రేడియేటరు అప్పటికే పాడై ఉంది, సరైన మూత దాన్ని బయటపెట్టింది.

కాబట్టి ఒక్క చోటును బాగుచేసి ఊరుకోవడం వల్ల ప్రయోజనం లేదు. మొత్తం వ్యవస్థను శుభ్రం చేసి, పూర్తి ఒత్తిడి పెట్టి, బయటపడిన లోపాలన్నింటినీ ఒకే విడతలో సరిచేయాలి. ఖర్చు ఒకేసారి ఎక్కువగా అనిపించినా, మొత్తం మీద తక్కువే అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇంజిను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు. గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా తిప్పితే ఏమీ కాదని చెప్పేవారి మాట వినవద్దు, ఎందుకంటే ఒత్తిడి పోయిన మరుక్షణంలోనే వంద డిగ్రీలు దాటిన నీళ్లు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. పై హోస్‌ను చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడే మూత ముట్టుకోండి. తాళం తీసేసినా కొన్ని కార్లలో రేడియేటరు ఫ్యాను దానంతటదే తిరుగుతుంది కాబట్టి, చేతులు పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పండి. కారు కిందికి వెళ్లవలసి వస్తే జాకీని ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టండి.

కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. దాని తీపి రుచికి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటి మోతాదుకే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి. కాబట్టి దింపిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలోనే పట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి.

మొదటి దశ: నష్టం ఎంత, ఎప్పుడు

చల్లని ఇంజిను మీద, రోజూ ఒకే సమయంలో, చదునైన నేల మీద రిజర్వాయర్ డబ్బాలో మట్టం ఎంత ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. రాత్రి కారు కింద, ఇంజిను వెడల్పున పెద్ద అట్టముక్క పరచి, ముందు చక్రాల స్థానాన్ని దాని మీద గుర్తించండి. ఉదయం చుక్కలు పడిన చోటును బట్టి లీకు ఏ వైపు ఉందో తెలుస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్లకు రంగు గానీ వాసన గానీ ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, కొద్దిగా తియ్యటి వాసన వేస్తుంది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. కారు నడిపిన తరువాత మాత్రమే కారితే ఒత్తిడికి తెరుచుకునే లోపం ఉన్నట్టు. తెల్లవారుజామున చల్లబడ్డాక మాత్రమే కారితే, రబ్బరు, లోహం వేర్వేరుగా కుంచించుకుపోయి హోస్ క్లిప్పుల దగ్గర సందు ఏర్పడుతోందని అనుమానించాలి. అట్ట పొడిగా ఉండి మట్టం మాత్రం తగ్గుతూ ఉంటే, కూలెంట్ ఇంజిను లోపలికి గానీ, హీటర్ ద్వారా కారు లోపలికి గానీ పోతోంది, లేదా నడుస్తున్నప్పుడు వేడి లోహం మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతోంది. ముందు సీట్ల దగ్గర తివాచీ కింద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడిగా ఉన్నా, హీటర్ వేసినప్పుడు అద్దం మీద జిడ్డు మసక కమ్మినా, హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలినిచ్చే చిన్న రేడియేటరు) కారుతున్నట్టే.

రెండో దశ: మూత, రిజర్వాయర్ పైపు

అన్నిటికన్నా చౌకైన భాగం మూత, అందరూ చివరగా చూసేది కూడా అదే. దానిలో రెండు కవాటాలు ఉంటాయి. పెద్దది ఒత్తిడి మితిమీరినప్పుడు కూలెంట్‌ను రిజర్వాయర్‌లోకి వదులుతుంది. మధ్యలో ఉండే చిన్నది ఇంజిను చల్లబడేటప్పుడు ఆ కూలెంట్‌ను తిరిగి లోపలికి రానిస్తుంది. పెద్దదాని స్ప్రింగు బలహీనపడితే కూలెంట్ మరగకముందే డబ్బాలోకి పొంగి నేలపాలవుతుంది, చూసేవారికి అది హెడ్ గ్యాస్కెట్ లోపంలా కనిపిస్తుంది. చిన్నది బిగుసుకుపోతే చల్లబడిన ఇంజినులో పై హోస్ నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తుంది.

రబ్బరు వాషరు మీద పగుళ్లు గానీ, మూత కూర్చునే రేడియేటరు మెడ అంచు మీద గీతలు గానీ ఉన్నాయేమో చూడండి. అనుమానం ఉంటే అదే అంకె ఉన్న కొత్త మూత కొనండి. 0.9 ఉండవలసిన చోట 1.1 వేస్తే బలంగా ఉంటుందనుకోవడం పొరపాటు, పాత రేడియేటరు మీద అదనపు భారం వేయడమే అవుతుంది. రిజర్వాయర్‌కు వెళ్లే సన్నని పైపును కూడా చివరి నుంచి చివరి వరకు వంచి చూడండి. దానిలో చిన్న చీలిక ఉన్నా, చల్లబడేటప్పుడు కూలెంట్‌కు బదులు గాలి లోపలికి పోతుంది. అలాంటప్పుడు డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటరు మాత్రం ఖాళీ అవుతుంది. డబ్బా మట్టాన్నే నమ్ముకున్నవారి ఇంజిన్లు వేడెక్కిపోవడానికి ఇది తరచుగా కారణం.

మూడో దశ: శుభ్రం చేయడం

ఇక్కడ నా సలహా మామూలుగా చెప్పే క్రమానికి కొంచెం భిన్నం. రేడియేటరులో నీళ్లు తుప్పు రంగులో ఉంటే, ఒత్తిడి పరీక్షకు ముందే వ్యవస్థను కడగాలి. మన ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి కూలెంట్ ఎందుకని చాలామంది బోరు నీళ్లే పోస్తారు. ఆ నీళ్లలోని లవణాలు వేడికి పెచ్చుగా కడతాయి, తుప్పును ఆపే మందు లేనందువల్ల ఇనుప భాగాలు లోపలి నుంచి తినేసుకుపోతాయి. కొన్ని సూది రంధ్రాలను ఆ పెచ్చే మూసి ఉంచుతుంది. శుభ్రం చేసినప్పుడు అవి తెరుచుకుంటాయి. పరీక్ష ముందు చేసి తరువాత కడిగితే, ఆ రంధ్రాలు పని అంతా పూర్తయ్యాక రోడ్డు మీద బయటపడతాయి.

చల్లని ఇంజినులో కింది హోస్ విప్పి కూలెంట్ దింపండి. మంచినీళ్లు నింపి, హీటర్ మీటను పూర్తి వేడి వైపు పెట్టి, పై హోస్ వేడెక్కేదాకా ఇంజినును నడిపి, పూర్తిగా చల్లబడనిచ్చి మళ్లీ దింపండి. నీళ్లు తేటగా వచ్చేవరకు ఇదే చేయాలి. తోట పైపుతో రేడియేటరును కింది నుంచి పైకి తక్కువ ధారతో కడగవచ్చు. ఎక్కువ ఒత్తిడితో కొట్టే కార్ వాష్ గన్ను మాత్రం దానిలోకి పెట్టకూడదు.

ఎప్పుడైనా లీకు ఆపడానికి పసుపు పొడి గానీ, బజారులో దొరికే లీక్ పౌడర్ గానీ పోసి ఉంటే, థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటరులోకి వదిలే కవాటం) గూడు విప్పి చూడండి. గోధుమరంగు బురద ఒక ముద్దగా కవాటం అంచుకు అతుక్కుని, కొన్నిసార్లు దాన్ని సగం తెరిచిన స్థితిలోనే పట్టి ఉంచుతుంది. అదే బురద హీటర్ కోర్ సన్నని గొట్టాల్లోనూ ఉంటుంది. దారిలో ఆగిపోయినప్పుడు ఊరు చేరడానికి పసుపు పనికిరావచ్చు గానీ, దాన్ని మరమ్మతుగా భావించకూడదు.

నాలుగో దశ: ఒత్తిడి పరీక్ష

రేడియేటరు మూత స్థానంలో బిగించే చేతిపంపు పరీక్ష కిట్టు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. పెద్ద గ్యారేజీల్లోనూ ఇది ఉంటుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో ఈ పని చేయవద్దు, ఒక్క క్షణంలో రేడియేటరు ఉబ్బి చీలిపోతుంది.

ఇంజిను పైభాగాన్ని, హోస్ కీళ్లను కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వ్యవస్థను నీళ్లతో నింపి, మూత మీద ఉన్న అంకె వరకు మాత్రమే పంపు కొట్టి, పదిహేను నిమిషాలు ముల్లును గమనించండి. అది కదలకపోతే, ఇంజినును ఒకసారి వేడి చేసి చల్లార్చాక మళ్లీ పరీక్షించండి. ముల్లు పడిపోతూ ఉంటే టార్చి, చిన్న అద్దం పట్టుకుని పై నుంచి కిందికి వెతకండి. తడి కనిపించిన చోటే లీకు పుట్టిందని అనుకోవద్దు. కూలెంట్ లోహం అంచు వెంట జారి, అన్నిటికన్నా కిందనున్న బోల్టు దగ్గర చుక్కగా వేలాడుతుంది. ఆ చుక్క నుంచి తడి దారిని పైకి అనుసరించి, దాని పైన పొడిగా ఉన్న చోటు తగిలేదాకా వెళ్లాలి. తెల్లని లేదా ఆకుపచ్చని పొడి మరక కనిపిస్తే అది పాత లీకు ఆనవాలు.

ఈ తరం కార్లలో తప్పక చూడవలసిన చోట్లు ఇవి: రేడియేటరు పై, కింది హోస్‌ల చివరలు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను వేడినీటితో వెచ్చబరిచే ఇంజిన్లలో దాని గ్యాస్కెట్, థర్మోస్టాట్ మూత, హీటర్‌కు వెళ్లే ఇనుప పైపు, ఇంజిను బ్లాకు పక్కన గుండ్రంగా కనిపించే కోర్ ప్లగ్గులు, వాటర్ పంపు. మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే ఈ పంపుకు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటకు వచ్చేందుకు దాన్ని కావాలనే పెట్టారు. అక్కడి నుంచి చుక్కలు వస్తుంటే ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేవారిని చూశాను. అలా చేస్తే నీళ్లు బేరింగులోకి పోయి పంపు బిగుసుకుపోతుంది, బెల్టు తెగిపోతుంది.

అయిదో దశ: బయట లీకు లేకపోతే

ముల్లు పడిపోతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే, హీటర్ కోర్ కూడా పొడిగానే ఉంటే, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. స్పార్క్ ప్లగ్గులు మూడింటినీ విప్పి పక్కపక్కన పెట్టండి. రెండు మామూలు గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే, ఆ సిలిండరులోకే కూలెంట్ పోతోంది. వ్యవస్థను కొన్ని గంటలు ఒత్తిడిలో ఉంచి, ఇగ్నిషన్ కాయిల్ తీగ విప్పి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్ తిప్పితే ఆ సిలిండరు ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయి. ముఖాన్ని దూరంగా ఉంచండి. ప్లగ్గులు ఉండగా ఇలా తిప్పకూడదు. నీళ్లు నిండిన సిలిండరులో పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది.

మరో నమ్మదగిన పరీక్ష ఉంది. రేడియేటరు మెడ మీద పెట్టే గొట్టంలో నీలిరంగు ద్రవం పోసి, ఇంజిను నడుస్తుండగా పైకి వచ్చే గాలిని దాని గుండా పీల్చాలి. ద్రవం పసుపుపచ్చగా మారితే మండిన వాయువులు కూలెంట్‌లో కలుస్తున్నాయని అర్థం. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు కనిపించడం ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారులో, చలికాలంలో చెమ్మ వల్ల కూడా అది ఏర్పడుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలరంగులో ఉంటే మాత్రం కారును నడపడం ఆపేయాలి.

హెడ్ విప్పవలసి వస్తే, పూర్తిగా చల్లబడిన ఇంజిను మీదనే బోల్టులను అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని లోహపు పట్టీ), సందును కొలిచే ఫీలర్ గేజ్‌లతో హెడ్ అడుగు భాగాన్ని నిలువుగా, అడ్డంగా, రెండు మూలల వెంట కొలవండి. ఇలాంటి చిన్న అల్యూమినియం హెడ్లకు వంపు 0.05 మిల్లీమీటర్లు మించకూడదు. అది దాటితే మంచి లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ (చదును) చేయించండి, పగులు ఉందేమో పరీక్షించమని కూడా అడగండి. హెడ్ ఒక్కటే చూసి బ్లాకు పైభాగాన్ని కొలవకుండా వదిలేయడం వల్లనే, కొత్త గ్యాస్కెట్ వేసినా ఆర్నెల్లకే మళ్లీ కాలిపోయిన ఇంజిన్లు ఎక్కువ. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ లేకుండా తుడిచి, మధ్య నుంచి బయటకు, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) విడతలవారీగా బిగించాలి. టార్క్ రెంచి లేకుండా ఈ పని చేయనివ్వవద్దు.

ఆరో దశ: మరమ్మతులు

హోస్ పాతబడితే లాగి పీకవద్దు. బ్లేడుతో నిలువుగా కోసి తీయండి, లేకపోతే హోస్ ఎక్కే రేడియేటరు మెడ విరుగుతుంది. హోస్ తీశాక ఆ లోహపు మెడను జాగ్రత్తగా చూడండి. అల్యూమినియం మీద తెల్లని పొడి, దాని కింద చిన్న గుంటలు ఉంటే, ఎంత మంచి హోస్ వేసినా, ఎంత బిగించినా ఆ గుంటల గుండా కూలెంట్ పాకుతుంది. సన్నని ఎమరీ కాగితంతో మెడ చుట్టూ రుద్ది నునుపు చేయాలి, గుంటలు లోతుగా ఉంటే ఆ భాగాన్నే మార్చాలి. హోస్ పదేపదే కారడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. క్లిప్పు మెడ మీది ఉబ్బెత్తు గట్టు దాటాక కూర్చోవాలి, గట్టు మీద గానీ, హోస్ కొసన గానీ కాదు. చల్లబడ్డాక మాత్రమే కారే చోట స్క్రూ క్లిప్పుకన్నా స్ప్రింగు క్లిప్పు మేలు, ఎందుకంటే రబ్బరు కుంచించుకున్నప్పుడు అదీ దానితో పాటు బిగుస్తుంది.

రాగి, ఇత్తడితో చేసిన పాత రేడియేటరుకు రేడియేటర్ వర్క్స్‌లో మాటు వేయించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటరు అతుకు దగ్గర కారితే కొత్తది వేయడమే మంచిది, పైన పూసిన ఎపాక్సీ వేడికీ చల్లదనానికీ కొన్నాళ్లలోనే లేచిపోతుంది.

వాటర్ పంపు మార్చాలంటే చాలా ఇంజిన్లలో టైమింగ్ బెల్టు కూడా విప్పవలసి వస్తుంది. అంత దూరం వెళ్లినప్పుడు బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా మార్చేయండి. పాత గ్యాస్కెట్ ముక్కలను అల్యూమినియం గీసుకుపోకుండా తీసి, సీలెంట్‌ను పలుచని పొరగా మాత్రమే పూయండి. బయటకు ఉబికిన సీలెంట్ కనిపిస్తుంది, లోపలికి ఉబికినది కనిపించదు. అది విడిపోయి రేడియేటరు గొట్టాలను మూసేస్తుంది.

కోర్ ప్లగ్గు ఒక అంచును సుత్తి, పంచితో కొట్టి అడ్డంగా తిప్పి, ప్లయర్‌తో బయటకు లాగాలి. లోపలికి పడిపోనివ్వవద్దు. గూడును మెరిసేలా శుభ్రం చేసి, అంచుకు పలుచగా సీలెంట్ రాసి, లోపలి వ్యాసానికి సరిపోయే సాకెట్‌తో నిటారుగా కొట్టండి. ఒకటి తుప్పుతో పోయిందంటే మిగతావీ అదే వయసువే కాబట్టి, చెయ్యి అందేవన్నీ అప్పుడే మార్చండి. గేర్‌బాక్సు వెనుక దాగి ఉన్నవాటిని, క్లచ్ పని చేయించినప్పుడు గుర్తుపెట్టుకుని చూడండి.

లీకు సందర్భంలో చాలామంది మెకానిక్కులు థర్మోస్టాట్‌ను తీసేస్తారు. దయచేసి దాన్ని తిరిగి వేయించండి. అది లేకపోతే ఇంజిను తగిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పాతది పనిచేస్తోందా లేదా అన్నది గిన్నెలో నీళ్లు పోసి దాన్ని వేలాడదీసి, థర్మామీటరు పెట్టి మరిగిస్తే తెలుస్తుంది. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలుకావాలి.

ఏడో దశ: కూలెంట్ నింపడం, గాలి తీయడం

ఐఎస్ 5759 ప్రమాణం పేర్కొన్న కూలెంట్ తీసుకోండి. రంగును చూసి ఎంచుకోవద్దు, రంగు కంపెనీ ఇష్టం. రాగి రేడియేటరున్న పాత కారుకు సంప్రదాయ రకం కూలెంట్ సరిపోతుంది, రెండేళ్లకోసారి మార్చాలి. రెండు రకాలను కలపవద్దు. నీళ్లుగా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

కడిగిన తరువాత ఎంత దింపినా బ్లాకులో కొన్ని నీళ్లు మిగిలే ఉంటాయి. అందుకని ముందే కలిపిన ద్రవం పోస్తే అది పలుచబడుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన మొత్తం సామర్థ్యంలో సగం మేర చిక్కటి కూలెంట్‌ను ముందు పోసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సగం సగం పాళ్లు కుదురుతాయి. కారు ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ మీటను వేడి వైపు పెట్టి, మూత తీసి, చల్లని ఇంజినును మొదలుపెట్టి నెమ్మదిగా పోయండి. పై హోస్‌ను అప్పుడప్పుడు నొక్కుతుంటే బుడగలు పైకి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు నింపి మూత పెట్టండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేవరకు ఇంజినును నడవనిచ్చి, హీటర్ నుంచి వేడిగాలి వస్తోందో లేదో చూడండి. చల్లటి గాలే వస్తుంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టు.

ఎనిమిదో దశ: నిర్ధారణ

మర్నాటి ఉదయం చల్లని ఇంజిను మీద ఒత్తిడి పరీక్ష మళ్లీ చేయండి. ముల్లు పదిహేను నిమిషాలు కదలకుండా నిలిస్తేనే పని పూర్తయినట్టు. తరువాత హైవే మీద ఒక గంట నడిపి, చల్లారాక రేడియేటరు, రిజర్వాయర్ రెండింటి మట్టాలనూ చూడండి. లోపల చిక్కిన గాలి బయటకు పోవడం వల్ల మొదటి రెండు మూడు రోజులు డబ్బాలో కొద్దిగా తగ్గడం సహజం, ఆ తరువాత గీత దగ్గరే నిలవాలి. కొత్త హోస్‌లకు వేసిన స్క్రూ క్లిప్పులను వారం తరువాత చల్లని ఇంజిను మీద ఒకసారి పావు చుట్టు బిగించి చూడండి. రేడియేటరు మూత మీద ఉన్న అంకె, కూలెంట్ రకం, పోసిన తేదీ ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించండి. తరువాత ఏ మెకానిక్ చేతికి కారు వెళ్లినా, బోరు నీళ్లు పోసే ముందు దాన్ని చూస్తాడు.